మడత విప్పని రుమాలు

ఏడవడంలో ఈరమ్మను మించిన మనిషి ఎమ్మిగనూరు సాలెవీధిలో లేదు. ఎవరింట్లో పెద్దప్రాణం పోయినా ముందు ఆమెకే కబురొచ్చేది. ఆమె వచ్చి, గడపలో చెంబెడు నీళ్ళు తాగి, కొంగు సర్దుకుని కూర్చుని "యాడికి పోతివే నా తల్లీ" అని ఎత్తుకుంటే, అంతవరకూ కాఫీ ఎవరికి అందింది ఎవరికి అందలేదు అని చూసుకుంటున్న చుట్టాలు కూడా బావురుమనేవాళ్ళు. సినిమాకు పోయినా అంతే. నవ్వించే బొమ్మకు పోతే ఆమెకు పొద్దు వృథా అనిపించేది. తల్లీ బిడ్డా విడిపోవాలి, మంచి కోడలు నిందపడి గడప దాటాలి, వెనక సన్నాయి ఏడవాలి. అప్పుడు ఆమె ముక్కు చీదుకుని, ఒళ్ళు తేలికపడి, ఆకలితో ఇంటికి వచ్చేది. ఇదంతా చూసి ఆమెది దొంగ ఏడుపు అనుకుంటే పొరపాటు. ప్రతి బొట్టూ నిజమే. ఆమెకు కన్నీళ్ళు సుళువుగా వచ్చేవి. అలా వచ్చేవాళ్ళకు, రానివాళ్ళను చూస్తే అనుమానంగా ఉంటుంది.

ఆదోనిలో పత్తి వ్యాపారం చేస్తూ, సరదాకొద్దీ ఒక టాకీసును కూడా లీజుకు తీసుకున్న ఇంద్రసేనయ్య ఆ వేసవిలో ఒక కుటుంబ చిత్రం వేశాడు. ఆట విడిచినప్పుడల్లా ఆడవాళ్ళు కొంగులు తడుపుకుంటూ బయటికి రావడం చూసి ఆయనకొక ఆలోచన తట్టింది. ఆడవాళ్ళ తరగతి టికెట్టు కొన్న ప్రతి మనిషికీ ఒక రుమాలు ఉచితం. తెల్ల రుమాలు, చుట్టూ ఎర్రంచు. ఆ పని ఎమ్మిగనూరులో ఈరమ్మ కొడుకు కాశప్పకు వచ్చింది. ఈరమ్మ నూలుకు రంగు వేసింది, కోడలు రాజేశ్వరి కండెలు చుట్టింది, కాశప్ప మగ్గం మీద నేశాడు.

మొదటి కట్ట తీసుకుపోవడానికి జిలాని బాషా వచ్చాడు. జట్కాకు మైకు కట్టుకుని వీధి వీధీ తిరిగి బొమ్మ గురించి చాటేది ఆయనే. ఎదురుగా కూర్చుని మాట్లాడినా మైకులో మాట్లాడినట్టే ఉంటుంది.

"రేపట్నుంచి నా మాటలు ఇనాలమ్మా నువ్వు!" అని గొంతు సవరించుకున్నాడు. "అక్కల్లారా, సెల్లెళ్ళారా! ఏడవండి! ఎంత కావాలంటే అంత ఏడవండి! కన్నీళ్ళు మీవి, రుమాలు మాది! ఏడుపు రానోళ్ళు మాత్రం మడత ఇప్పకుండా గేటుకాడ వాపసు ఇచ్చిపోవాల!"

ఈరమ్మ మురిసిపోయింది. "ఎవురన్నా వాపసు ఇస్తారంటావా?"

"యాడిస్తారమ్మా? ఆ ఉయ్యాల పాట వచ్చేతలికి, రోజూ సూసే మా సైదాబీ గూడ గేటుకాడ ముక్కు సీదుకుంటాది. దానికి ఏడవని ఆడమనిషి ఉంటాదా?"

ఈరమ్మ మూలకు చూసింది. మూలలో రాజేశ్వరి రాట్నం తిప్పుతూ ఉంది. కుడిచెయ్యి చక్రాన్ని తిప్పుతుంటే ఎడమచేతి వేళ్ళ సందున ఎర్రదారం జారిపోతూ కండెకు చుట్టుకుంటూ ఉంది. మోచేతుల దాకా ఎరుపు. దారం తెగితే రెండు కొసలూ కలిపి నలిపి, మళ్ళీ తిప్పుతోంది. జిలాని బాషా కూడా అటు చూసి, సంగతి గుర్తొచ్చి, గొంతు తగ్గించాడు.

ఉగాదికి ముందు ఆ పిల్ల బిడ్డ పోయింది. ఇంకా అడుగులు వేయని ఆడపిల్ల, జ్వరం తగిలి పోయింది. ఆ రోజు ఈరమ్మ ఏడ్చిన ఏడుపుకు పక్కవీధులవాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. కన్నతల్లి మాత్రం గోడకు ఆనుకుని, చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుంది. కొంగు కంటికి పెట్టుకోలేదు, నోటికి అడ్డం పెట్టుకోలేదు, రొమ్ము కొట్టుకోలేదు. తర్వాత లేచి రాట్నం ముందు కూర్చుంది. పాపం బెదిరిపోయిందన్నారు మొదట్లో. నెల తిరిగేసరికి రాయి అన్నారు. ఆ మాట ముందుగా అన్నది ఎవరో కాదు, ఈరమ్మే.

జిలాని బాషా ఇంటి ఆడవాళ్ళకని పాసులు ఇచ్చి, కట్ట భుజాన వేసుకుని పోయాడు. ఈరమ్మ మగ్గం దగ్గరికి వచ్చింది. గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న కాశప్ప దారాల మధ్య నాడె విసరడం ఆపలేదు.

"దాన్ని గూడ పిల్సకపోతా బొమ్మకి" అంది.

"పిల్సకపోమ్మా."

"ఆడ గూడ ఏడవకపోతే ఇంగ నాకు నువ్వు అడ్డం సెప్పగూడదు. శుక్రారం బసన్న వస్తాడు ఆస్పరి నుంచి. సెల్లెల్ని తోలకపోతాడు. మాధవరమోళ్ళు నీకు పిల్లనిస్తామని ఇంగా మన మాటకోసం సూస్తాండారు. ఆ పిల్ల సాలెపని తెలిసినదే."

కాశప్ప నాడె విసిరాడు, నేత బిగిసేట్టు అచ్చు దగ్గరికి గుంజి కొట్టాడు. "ఇది పని బాగ సేస్తాది గదమ్మా."

"పని ఎద్దు గూడ సేస్తాది. నా మనవరాలికి ఒక్క సుక్క రాల్సనిది, రేపు నీకు రాలుస్తాదా, నాకు రాలుస్తాదా?"

నాడె ఒక్క క్షణం చేతిలో ఆగింది. తర్వాత మళ్ళీ ఇటూ అటూ పరుగెత్తడం మొదలుపెట్టింది. ఈరమ్మ దాన్ని ఒప్పుదల కింద తీసుకుంది. ఆ ఇంట్లో మగ్గానికీ రాట్నానికీ మధ్య గోడ లేదు, ఒక ఈతచాప వేలాడుతూ ఉంటుంది. చాపకు అవతల రాట్నం ఆగలేదు.

మర్నాడు గురువారం, రుమాళ్ళు పంచే మొదటి ఆటకే, మ్యాట్నీకి అత్తాకోడళ్ళు ఆదోని బస్సు ఎక్కారు. ఎండ మండిపోతోంది. ఆడవాళ్ళ గేటు దగ్గర సైదాబీ ఒక చేత్తో టికెట్టు చింపి, ఇంకో చేత్తో మడతపెట్టిన రుమాలు అందిస్తూ ఉంది. నడివయసు మనిషి, నోట్లో వక్క.

"ఇవి మా మగ్గం మీదివే" అంది ఈరమ్మ, వెనక వస్తున్నవాళ్ళకు కూడా వినపడేట్టు.

"అచ్ఛా? మంచిగుండాదమ్మా అంచు" అంది సైదాబీ.

లోపల ఉక్కపోత. పంకాలు తిరుగుతున్నాయి గాని గాలి కిందికి రావడం లేదు. పిల్లలు బొరుగుల పొట్లాలకు కొట్లాడుకుంటున్నారు. ఈరమ్మ మంచి చోటు చూసుకుని, కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుంది. కోడల్ని చూడాలనే ఆమె పట్టుదల. అయితే బొమ్మ మొదలయ్యాక ఆ పట్టుదల అంతగా నిలబడలేదు. అత్త చేసిన నేరం కోడలి మీద పడేసరికి ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. తెర మీది అత్తను తిట్టినవాళ్ళలో ఈరమ్మ గొంతే పైన ఉంది. "నీ నోట్లో మన్ను పడ, ఆ పిల్ల ఏం సేసిందే నీకు!" అంది. ఆ మాట అంటున్న తనూ ఒక అత్తేనన్న తలపు కూడా ఆమెకు రాలేదు.

ఉయ్యాల పాట వచ్చింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఖాళీ ఉయ్యాలను ఊపుతూ పాడుతుంది. చరణం చివర కొంగు నోట్లో కుక్కుకుని నేలకు జారిపోతుంది. ఆడవాళ్ళ తరగతి మొత్తం ఒక్కసారిగా ఎగపీల్చింది. ఈరమ్మ రుమాలు విప్పింది. ఇంట్లో నేసిన రుమాలు ఉండగా కొంగెందుకు? కళ్ళు అదిమి తుడుచుకుంది, బుగ్గలు తుడుచుకుంది, మెడ తుడుచుకుంది. చచ్చిపోయిన మనవరాలు కళ్ళముందు ఆడింది. ఇంకొంచెం ఏడ్చింది. అప్పుడు గుర్తొచ్చి పక్కకు తిరిగి చూసింది.

కళ్ళనిండా నీళ్ళుండడంతో కోడలి ముఖం సరిగ్గా ఆనలేదు. చేతులు మాత్రం తెర వెలుగులో కనిపించాయి. ఒడిలో, ఒకదాని మీద ఒకటి. వాటి కింద రుమాలు, ఇచ్చినప్పటి మడత ఇచ్చినట్టే ఉంది.  అనుకున్నంతా అయింది, ఇంక తనకు పాపం లేదు అనుకుంది ఈరమ్మ.

ఆట అయిపోయి దీపాలు వెలిగాయి. ముందు వరసలో ఎవరో కెవ్వుమన్నారు.

"అయ్యో అయ్యో, నీ మొగమేమే అట్లుంది! రగతం!"

"నా మొగం సరే, నీదెట్లుందో సూసుకో!"

ఎవరిని చూసినా కళ్ళ చుట్టూ ఎరుపు, బుగ్గల మీద ఎరుపు, ముక్కు కొసన ఎరుపు. పిల్లలు తల్లుల్ని చూసి గుక్కపట్టారు. ఈరమ్మ చేతిలో రుమాలు చూసుకుంది. ఎర్రంచు కరిగి తెల్లగుడ్డంతా పాకింది. ఆమె గుండె జారిపోయింది. కొత్త ఎరుపు మొదటి ఉతుకులో కారుతుంది. ఈ సంగతి నేసేవాళ్ళకూ తెలుసు, కొనేవాళ్ళకూ తెలుసు. కొత్తగుడ్డను ఎవరైనా ఒకసారి నీళ్ళలో జాడించాకే వాడతారు. అయితే ఈ గుడ్డను మొట్టమొదట తడిపేది కన్నీళ్ళేనని రంగు వేసిన ఈరమ్మకూ తట్టలేదు, నేసిన కాశప్పకూ తట్టలేదు, నేయించిన ఇంద్రసేనయ్యకూ తట్టలేదు.

ఇంద్రసేనయ్య తల పట్టుకుని ఆఫీసుగదిలోంచి పరుగెత్తుకొచ్చాడు. ఆయన నోరు తెరిచేలోపే బయట జిలాని బాషా మైకు అందుకున్నాడు.

"సూడండి బాబూ సూడండి! ఎర్రబడిన మొగాలు సూడండి! మనసారా ఏడ్చినోళ్ళ మొగాలు ఇవి! ఇట్లాంటి బొమ్మ ఆదోనిలో ఇంతకుముందు రాలేదు, ఇంగ రాదు!"

తర్వాతి ఆటకు వరసలో నిలబడిన జనం నోళ్ళు తెరిచారు. కొంగు చాటు చేసుకుని వస్తున్న ఆడవాళ్ళు ఆ మాటతో కొంగులు మెల్లగా దించారు. కాసేపటికి ఆ ఎరుపు పెళ్ళిపందిట్లో పెట్టిన కుంకుమలాగా అయిపోయింది. ఎవరి ముఖం ఎక్కువ ఎర్రబడిందో ఒకరిని చూసి ఒకరు వాదులాడుకున్నారు. ఈరమ్మకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. ఆమె ముఖంలో ఎరుపు లేని చోటే లేదు మరి.

గేటు దగ్గర రాజేశ్వరి ఆగింది. మడత విప్పని రుమాలును సైదాబీకి చాపింది. సైదాబీ రుమాలు చూడలేదు, ఆ పిల్ల ముఖంలోకి చూసింది.

"ఉంచుకో బేటీ" అంది.

"వాడలేదు."

"తెలుసులేమ్మా. ఉంచుకో."

రాజేశ్వరి దాన్ని ఆమె చేతిలో పెట్టి ముందుకు నడిచింది. చుట్టూ ఉన్నవాళ్ళు చూశారు. "వాపసు ఇచ్చిందే ఒకామె!" అని ఎవరో గట్టిగా నవ్వారు. జిలాని బాషా మైకు నోటిదాకా తెచ్చి, ఆ పిల్ల ఎవరో పోల్చుకుని, మీట నొక్కి ఆపేశాడు.

తిరుగు బస్సులో సగం మంది ఎర్రముఖాలవాళ్ళే. కండక్టరు ప్రతి ఒక్కరినీ ఆటపట్టిస్తూ టికెట్లు కొట్టాడు. వాళ్ళ నడుమ కిటికీ పక్కన రాజేశ్వరి తెల్లటి ముఖం అందరికీ వెలితిగా కనపడింది. ఎండగాలి ముఖాన కొడుతున్నా తల తిప్పకుండా బయటికే చూస్తూ ఉంది.

"ఆ పాప బొమ్మ సూడలేదా?" అని ముందు సీటు ముసలమ్మ అడిగింది.

"సూసింది" అంది ఈరమ్మ.

"బిడ్డా పాపా లేరేమో. అందుకే."

బిడ్డ పోయిన సంగతి చెప్పడానికి ఈరమ్మకు సిగ్గేసింది. ఆ సిగ్గు కోపమై, ఊళ్ళో బస్సు దిగగానే బయటికి వచ్చింది. "రేపు మీయన్న వస్తాడు. పెట్టె సర్దుకో."

"సర్దుకున్నానత్తా" అంది రాజేశ్వరి. సినిమాకు బయలుదేరకముందే సర్దిపెట్టింది.

శుక్రవారం పొద్దుటికి ఈరమ్మ కళ్ళు వాచిపోయాయి. సున్నిపిండితో తోమినా బుగ్గల ఎరుపు సగమే వదిలింది. రంగులో కలిపే సోడా కళ్ళలోకి దిగి మంట పెడుతూ ఉంది. బసన్న మొదటి బస్సుకే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మాటలు రాని మనిషి, పైపంచతో మెడ తుడుచుకోవడమే ఆయన పని. ఆయన పక్కన రాజేశ్వరి రేకుపెట్టె.

అంతలో వీధిలోకి జట్కా వచ్చింది. జిలాని బాషా ఊళ్ళో ఒక జట్కా మాట్లాడుకుని మైకు కట్టించాడు. దిగుతూనే కేక వేశాడు.

"కాశప్పా! రాత్రి ఆట కూడా హౌసుఫుల్లు! సేటు ఇంగా కావాలంటాండాడు రుమాళ్ళు. రంగు మాత్రం మార్సగూడదంట. పోయే రంగే కావాలంట!"

కాశప్ప నవ్వాడు. రంగు వేసిన నూలు కొంత మిగిలి ఉంది, కండెలు లేవు. ఈరమ్మ కోడలి వైపు చూసింది, బసన్న వైపు చూసింది, మళ్ళీ నూలు వైపు చూసింది.

"ఉన్న నూలు సుట్టేసి పోనీలే" అంది. "తరవాతి బస్సుకు పోవచ్చు."

బసన్న ముఖం చిట్లించాడు. రాజేశ్వరి మాత్రం వచ్చి రాట్నం ముందు కూర్చుంది. పొయ్యి దగ్గర పొగ భరించలేక ఈరమ్మ ఆ పూట నూలుకు పట్టించే గంజి కాచడం వదిలిపెట్టి, కోడలికి ఎదురుగా కూర్చుని నూలుచుట్ట విప్పి అందించసాగింది. అలా ఎదురెదురుగా వాళ్ళు ఎప్పుడూ కూర్చోలేదు. రాట్నం మూలన ఉంటుంది, గంజి పెరట్లో ఉంటుంది.

కళ్ళు దురద పెట్టాయి. ఈరమ్మ చెయ్యి ఎత్తింది. చెయ్యి ముఖం దాకా పోకముందే రాజేశ్వరి ఆమె మణికట్టు పట్టుకుంది.

"సెయ్యి కంటికాడికి పోనీయద్దత్తా. రంగు సెయ్యి."

ఈరమ్మ చెయ్యి దించుకుంది. ఆ మాట తనదే. కాపురానికి వచ్చిన కొత్తలో ఈ పిల్ల రంగుచేత్తో కన్ను నులుముకుని, కన్ను మూసుకుపోయి పడుకుంది. అప్పుడు ఆ చేతి మీద చరిచి చెప్పింది తనే. "రాట్నం ముందర కూసున్నంక పిడుగుపడినా సెయ్యి మొగం మీదికి రాగూడదు, తెలిసిందా?" ఆ తర్వాత ఆ చెయ్యి ఎప్పుడూ రాలేదు. ఈగ వాలినా తల విదిలించుకునేది గాని చెయ్యి ఎత్తేది కాదు.

వీధి మొగన జట్కా ఆగింది. రికార్డు గరగరమని, ఉయ్యాల పాట మొదలైంది.

ఈరమ్మకు అలవాటుగా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అలవాటుగా చెయ్యి కొంగుకోసం పోబోయింది. రెండు చేతులూ ఎరుపు. కొంగు ముట్టుకోవడానికి లేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆమె చేతులు ఒడిలో పెట్టుకుని ఏడవాల్సి వచ్చింది. నీళ్ళు వాటంతట అవే బుగ్గల మీదికి దిగి, గడ్డం కింద కాసేపు నిలబడి, రవిక మీద పడ్డాయి. తుడుచుకోకపోతే ఏడుపు ఇంత నిదానంగా పోతుందని ఆమెకు తెలియదు. శబ్దం కూడా రాదు.

ఆ నీళ్ళు కారిపోయాక చూపు తేటపడింది. ఎదురుగా కోడలి ముఖం, కిటికీ వెలుతురులో, జానెడు దూరంలో ఉంది.

రాజేశ్వరి ఏడుస్తోంది. కుడిచెయ్యి చక్రం తిప్పుతూనే ఉంది, ఎడమచేతి వేళ్ళలో దారం జారుతూనే ఉంది. కళ్ళు దారం మీదే ఉన్నాయి. కళ్ళలోంచి నీళ్ళు పాటకోసం ఆగకుండా, చరణంకోసం ఎదురుచూడకుండా, ఎప్పటినుంచో పారుతున్న దారినే పారుతున్నట్టు గడ్డం మీదినుంచి రవిక మెడ మీద పడుతున్నాయి. ఆ మెడ దగ్గర గుడ్డ మీద తెల్లటి మరక ఉంది. ఆ మరక ఈరమ్మకు కొత్తది కాదు. ఉతికేటప్పుడు ఈ పిల్ల ప్రతి రవిక మీదా తను చూసిందే. "గంజి మీద పోసుకుంటావేమే, సూసుకుని సేసుకోలేవా" అని ఎన్నోసార్లు కసిరింది. గంజి కలిపేది తనైతే, కోడలి రవిక మీద గంజి ఎలా పడుతుందని ఒక్కసారీ ఆలోచించలేదు. అది కన్నీటి ఉప్పు.

నిన్నటి బొమ్మ గుర్తొచ్చింది. చేతులు చూసింది తను, ముఖం చూడలేదు. బిడ్డ పోయిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు కూడా తన గొంతే వినింది, తన నీళ్ళలోంచే అందరినీ చూసింది. ఈ పిల్ల గోడకు ఆనుకుని, చేతులు ఒడిలో పెట్టుకుని, ఎంతసేపు ఏడ్చిందో ఎవరు చూశారు? వీధి వీధంతా రాయి అన్నది. ముందు అన్నది తను. 

"ఎప్పట్నుంచే?" అంది ఈరమ్మ.

"ఏందత్తా?"

"ఈ ఏడుపు."

రాజేశ్వరి రాట్నం ఆపలేదు. "ఈడ కూసుంటే వస్తాది" అంది. "నా పక్కన గుడ్డపేలికల మీద పండుకోబెట్టుకునేదాన్ని గదా. రాట్నం సప్పుడుకి నిద్రపోయేది. ఆపితే లేసేది. అందుకే ఆపను."

ఈరమ్మ లేచింది. పెరట్లోకి పోయి, బానలో నీళ్ళు ముంచుకుని, సబ్బు పెట్టి చేతులు రుద్దుకుంది. గోళ్ళ సందులు రుద్దింది, మోచేతులు రుద్దింది. నీళ్ళు ఎర్రగా పోయి, పలచబడి, తెల్లగా అయ్యేదాకా రుద్దింది. చేతులు ఆర్చుకుని లోపలికి వచ్చి, కోడలి పక్కన చతికిలబడి, ఉతికిన కొంగు కొస తీసుకుని ఆ పిల్ల కళ్ళు తుడిచింది. బుగ్గలు తుడిచింది. గడ్డం కింద తుడిచింది.

రాట్నం ఆగింది.

ఆగాక ఒక గొంతు బయటికి వచ్చింది. అది పాటలో మాదిరి లేదు, బొమ్మలో మాదిరి లేదు, ఈరమ్మ శోకాల మాదిరి కూడా లేదు. నూతిలోంచి నీళ్ళు తోడుతున్నట్టు ఆగి ఆగి వచ్చింది. మగ్గం మీద నాడె ఆగిపోయింది. చాప పక్కకు తీసి కాశప్ప చూశాడు. ఈరమ్మ కోడలి తలను ఒళ్ళోకి లాక్కుంది. ఆమె కళ్ళు మాత్రం పొడిగా ఉన్నాయి.

అరుగు మీదినుంచి బసన్న లేచి గడపలోకి తొంగిచూశాడు. "పెద్దమ్మా, బస్సుకు టైమయితాంది" అన్నాడు.

"ఆ పెట్టె లోపల పెట్టు బసన్నా" అంది ఈరమ్మ. "బస్సు పోతే పోనీ. మా కోడలు ఏడుస్తాండాది, కనపల్లేదా నీకు?"